పన్నెండేళ్ళుగా వాయిస్తున్న నా ఎనిమిది తీగల మాండోలిన్

ఈ మాండోలిన్ కొనేటప్పుడు నా చెవుల్లో ఉన్నది కర్ణాటక సంగీతాన్ని మాండోలిన్ మీద పలికించిన యు. శ్రీనివాస్ గారి నాదం. మాది భీమవరం. ఆయన పుట్టిన పాలకొల్లు మాకు పాతిక కిలోమీటర్ల లోపే. ఇంట్లో ఆయన క్యాసెట్లు సాగిపోయేదాకా విన్నాం. 2013లో చేతిలో కాస్త డబ్బు ఆడగానే హైదరాబాద్ వెళ్ళి, 6,500 రూపాయలు పెట్టి ఎనిమిది తీగల మాండోలిన్ కొనుక్కొచ్చాను. కోల్‌కతాలో తయారైంది. ఎంత సాధన చేసినా ఆ నాదం మాత్రం రాలేదు. నా వేళ్ళలోనే లోపం ఉందని ఏడాది పాటు బాధపడ్డాను. తర్వాత మాస్టారు దగ్గర చేరాక అర్థమైంది, నేను విన్న వాయిద్యం వేరు, కొన్న వాయిద్యం వేరు.

మామూలు మాండోలిన్‌కి నాలుగు జతల తీగలు. జతలో రెండూ ఒకే స్వరం పలుకుతాయి. లావు తీగల నుంచి సన్నవాటికి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, జి, డి, ఎ, ఇ. అచ్చంగా వయొలిన్ శృతే. వయొలిన్ నేర్చినవాళ్ళకి ఎడమచేతి వేళ్ళు సులువుగా కుదురుతాయి. జత తీగల వల్ల నాదం మెరుస్తుంది, కానీ వెంటనే ఆరిపోతుంది. అందుకే ఇటలీలోని నేపుల్స్ వాళ్ళయినా, మన పాత సినిమా పాటల్లో వాయించినవాళ్ళయినా స్వరాన్ని నిలబెట్టాలంటే పిక్‌ని కిందికీ పైకీ వేగంగా ఆడిస్తారు. కర్ణాటక సంగీతంలో అలా కుదరదు. ఒక్క మీటుకి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించేది, మొత్తం పలకాలి. వీణ మీద తీగని పక్కకి లాగినట్టు ఇక్కడ లాగితే జతలో రెండు తీగలూ సమానంగా లేవవు, అపశృతి వినిపిస్తుంది.

శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండోలిన్. జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, చివరికి ఐదు తీగల దగ్గర స్థిరపడ్డారు. తీగ నాదాన్ని యాంప్లిఫయర్‌కి అందించే పికప్ ఉండటం వల్ల చిన్న మీటు కూడా చాలాసేపు నిలుస్తుంది, ఆ నిలిచిన నాదం మీద వేలు జారిస్తే గమకం వస్తుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. ఆ వయసు పిల్లవాడు పరాయి దేశపు వాయిద్యాన్ని మన సంగీతానికి ఒప్పించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

నా వాయిద్యం సంగతికొస్తాను. మాస్టారు మొదట చేసిన పని శృతి మార్చడం. ఎ తీగల్ని జి కి, ఇ తీగల్ని డి కి దించారు. దాంతో జి-డి-జి-డి, అంటే జి ని షడ్జంగా తీసుకునే ఐదు శృతిలో స-ప-స-ప అయింది. రెండు జతలూ ఒక్కో స్వరం కిందికి రావడంతో తీగ బిగువు తగ్గింది, తీగ మీద వేలు జార్చడం తేలికయింది. సరళీ వరసల నుంచి వర్ణాల దాకా ఈ శృతిలోనే నేర్చుకున్నాను. మధ్యలో ఒక ఆరు నెలలు జతకి ఒక తీగ తీసేసి కూడా చూశాను. పికప్ లేని పెట్టె కాబట్టి నాదం మరీ బక్కచిక్కిపోయింది. మళ్ళీ ఎక్కించేశాను.

కొత్తలో ఇది వేళ్ళని ఏడిపించింది. మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో మొదటిదాని దగ్గరే తీగలు అంత ఎత్తున ఉండేవి. షాపులో ఎవరూ సెట్ చేసి ఇవ్వలేదు, అడగాలని నాకూ తెలియదు. గిటార్లు బాగుచేసే ఆయనకి 800 రూపాయలిస్తే మెడ పైచివర తీగలు ఆనే నట్ గాళ్ళు అరగదీసి, పెట్టె మీద తీగల్ని మోసే గుర్రాన్ని (బ్రిడ్జ్) కిందికి దించారు. అదే మాండోలిన్, చేతికి కొత్తదిలా అనిపించింది. ఇంకో మాట, మాండోలిన్ గుర్రాన్ని జిగురు పెట్టి అతికించరు. తీగల బిగువు మీదే నిలబడుతుంది. నాది నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉండటంతో పై మెట్ల మీద స్వరాలన్నీ తప్పేవి. పన్నెండో మెట్టు దగ్గర తీగని తాకీ తాకనట్టు వేలు పెట్టి మీటండి, తర్వాత నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. నొక్కినప్పుడు స్వరం పైకి పోతుంటే గుర్రాన్ని తోక వైపు కొద్దిగా జరపాలి, కిందికి పోతుంటే మెడ వైపు. తీగలు మార్చేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి విప్పకండి, గుర్రం పడిపోతుంది. ఒక్కొక్కటే మార్చుకోవాలి.

తీగల విషయంలో మా ఊరి ఉక్కపోత పెద్ద శత్రువు. సన్న తీగలు రెండు నెలలకే తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం, మాండోలిన్ దాచే కేసులో సిలికా జెల్ పొట్లాలు వేయడం అలవాటు చేసుకున్నాక మూడున్నర నెలలు వస్తున్నాయి. అన్నిటికంటే సన్నదైన మొదటి తీగ 10 నంబరు ఉండే లైట్ సెట్ వాడతాను. కొనేటప్పుడు చివర ఉచ్చులా ఉండే ‘లూప్ ఎండ్’ తీగలే అడగాలి. మా దగ్గర దొరకనప్పుడు 10 నంబరు గిటార్ తీగ కొని, చివరి గుండుని గుడ్డలో చుట్టి కటింగ్ ప్లేయర్‌తో చితక్కొడతాను, ఉచ్చు మిగులుతుంది. లావు తీగలకి మాత్రం సెట్టే తెప్పిస్తాను. తీగలు బిగించే బిరడలు మూడో ఏడు జారడం మొదలుపెట్టాయి, కొత్తవి వేయించాక మళ్ళీ ఇబ్బంది లేదు.

నాది ప్లైవుడ్ పెట్టె. నాదంలో లోతు తక్కువ, అది ఒప్పుకోవాలి. న్యూజెర్సీలో ఉన్న మా బావ దగ్గర పైచెక్క స్ప్రూస్, వెనక మేపుల్, అంతా అసలు చెక్కతో చేసిన మాండోలిన్ ఉంది. లావు తీగ మీటితే గుండెకి తగులుతుంది. కానీ చలికాలం హీటర్ల పొడిగాలికి చెక్క పగలకుండా కేసులో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా రోజూ చూసుకుంటాడు. నాది రోహిణి కార్తె ఎండలూ, గోదావరి వానలూ తట్టుకుని అలాగే ఉంది. ఏది ప్లైవుడ్డో షాపులోనే తెలుసుకోవచ్చు. పైచెక్క మీద ‘ఎఫ్’ ఆకారంలో ఉండే కంత అంచు దగ్గర టార్చి వేసి చూడండి, పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. పైన కనిపించే చెక్క గీత అంచులోకీ దిగితే అసలు చెక్క.

పాత సామాన్లలో దొరికింది మాండోలినేనా అని చాలామంది ఫొటోలు పంపి అడుగుతారు. టైప్‌రైటర్ మీటల్లాంటివి ఉంటే అది బుల్‌బుల్ తరంగ్, మన వైపు బ్యాంజో అనేది దాన్నే. ఎనిమిది తీగలుండి పెట్టె బదులు డప్పులా చర్మం ఉంటే మాండోలిన్-బ్యాంజో. ఆకారం అదే అయినా కాస్త పెద్దగా ఉండి సి-జి-డి-ఎ శృతిలో ఉంటే మాండోలా. నైలాన్ తీగలు నాలుగే ఉంటే ఉకులేలే, దానికి ఉక్కు తీగలు ఎక్కించారంటే విరిగిపోతుంది.

కీర్తనల కోసమే నేర్చుకునేవాళ్ళు నాలాగా ఎనిమిది తీగలది కొనకండి. మొదటే ఒంటి తీగల ఎలక్ట్రిక్ తీసుకోండి, చిన్న యాంప్లిఫయర్ కూడా లెక్కలో వేసుకోండి. నేను 2021లో ఐదు తీగలది తీసుకున్నాను, తోడి రాగం ఆలాపన దాని మీద మొదటిసారి నాకు తృప్తిగా వచ్చింది. పాత సినిమా పాటలు, భజనలు వాయించాలనుకుంటే ఎనిమిది తీగలదానికి సాటి లేదు. కరెంటు అక్కర్లేదు, అరుగు మీద కూర్చుని మీటితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

నా పాతదానికి మొదటి ఐదు మెట్లు గాళ్ళు పడేలా అరిగిపోయాయి, తీగ బరబరమంటోంది. మెట్లు మార్చడానికి రెండు వేల ఐదొందలు అడిగారు. 6,500 పెట్టి కొన్న వస్తువుకి అంత ఖర్చా అని ఇంట్లో అన్నారు. అయినా వచ్చే సోమవారం మెట్లు మార్చడానికి ఇచ్చేసి వస్తున్నాను.