కరోనా నాటి రేషన్ షాపు: బియ్యానికి మంచి మార్కులు, పప్పుకు పాస్ మార్కులూ కష్టమే

2020 ఏప్రిల్‌లో తెలంగాణ రేషన్ షాపుల్లో మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చారు, కార్డుకు 1,500 రూపాయలు అదనం. నెలకు 12 కిలోలంటే రోజుకు 400 గ్రాములు. కూలి చేసుకునే మనిషికి రెండు పూటలా గడిచిపోతుంది. పరిమాణానికి వంక పెట్టలేం.

పప్పు దగ్గరే కథ అడ్డం తిరిగింది. కేంద్రం కార్డుకు నెలకు కిలో అంది. నలుగురున్న ఇంట్లో తలకు రోజుకు ఎనిమిది గ్రాములు, పప్పుచారుకు కూడా చాలదు! అదీ ఆలస్యమే: గోదాముల్లో ఉన్నవి గింజలు, మిల్లాడిస్తేగానీ పప్పు కాదు. ఇక కూరగాయలు, పాలు సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి. పని పోయిన ఇంట్లో ముందు తెగేవి అవే.

అసలు లోపం కార్డులో ఉంది. పేరు ఎక్కని పసిబిడ్డకు, కొత్త కోడలికి గింజ రాదు. వలస కూలీలకు కార్డు లేకున్నా 12 కిలోలు, 500 రూపాయలు ఇవ్వడం మాత్రం మెచ్చుకోవాల్సిందే.

తూకం ఇప్పటికీ చూసుకోవాల్సిందే. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి, సున్నా కనిపించాకే బియ్యం పోయించుకోండి. సిమెంటు పనివాళ్లకు వేలిముద్రలు అరిగి మిషన్ పట్టదు. అప్పుడు వేరే వేలు పెట్టాలి, లేదా కార్డులో పేరున్న ఇంకొకరు వెళ్లాలి.