సోంపేట వైపు డయాలసిస్ సెంటర్: సిస్టర్లకి ఐదు స్టార్లు, ఏసీకి ఒకటి

మావయ్యని వారానికి మూడుసార్లు తీసుకెళ్తాను, ఒక్కోసారి నాలుగు గంటలు. సిస్టర్లు బంగారం, బరువు చూసి "నీళ్లెక్కువ తాగీసినావేటి తాతా" అని మెత్తగా తిడతారు కూడా. ఏసీ మాత్రం నెల నుంచి పడకేసింది, అడిగితే రేపంటారు. ఫ్యాను రెక్క మీద, బయట సిమెంటు బెంచీ మీద అన్నీ దాతల పేర్లే. మంచిదే గానీ, మా ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు కదా, బెంచీ బదులు నలుగురు కలిసి అది తేల్చే ప్రొఫెసర్‌కి ఒక చైర్ పెట్టొచ్చుగా? చైర్ అంటే కూర్చునే కుర్చీ కాదు, దాతల సొమ్ముతో యూనివర్సిటీలో పెట్టే ప్రొఫెసర్ పోస్టు. వాళ్లిచ్చిన అసలు సొమ్ము కదపకుండా దాని వడ్డీతోనే జీతం, పరిశోధన ఖర్చు నడుస్తాయి. బెంగళూరు ఐఐఎస్సీ అనే పెద్ద సైన్సు సంస్థలో మెదడు పరిశోధనకి ఇన్ఫోసిస్ పెట్టినవాళ్లలో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ వాళ్ల ప్రతీక్ష ట్రస్టు అలాంటి చైర్లే పెట్టింది. సరే, వెళ్లేవాళ్లు పొద్దున్న మొదటి షిఫ్టే అడగండి, ఉక్కపోత తక్కువ.