ఏనుమాముల రోడ్డు మీద కమాన్ పని: చాచా షెడ్డు ఎట్లుంటది

లోడు బండ్లున్నోళ్లకు పనికొస్తదని రాస్తున్న. కమాన్ అంటే బండి కింద లోడు మోసే వంపు ఉక్కు పట్టీల కట్ట. మాది పరకాల. డీసీఎం మీద పత్తి, మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తోల్త. మొన్న పత్తి సీజన్ల వెనక ఎడమ దిక్కు కమాన్ కట్టల మెయిన్ పట్టీ, అంటే అన్నిటికంటే పొడుగున్న పై పట్టీ, ఇరిగింది. మార్కెట్‌కు పోయే తొవ్వల రేకుల షెడ్డు, బోర్డు మీద కమాన్ వర్క్స్ అని తప్ప ఇంకో పేరు లేదు. డ్రైవర్లంతా చాచా షెడ్డు అంటరు, గట్ల అడిగితేనే చూపిస్తరు.

అంతకు ముందు ఇంకోకాడ ఇదే కట్టల రెండో పట్టీకి వెల్డింగ్ కొట్టి, ‘ఏం గాదు పో అన్నా’ అని పంపిండ్రు. నెల తిరగకముందే వెల్డింగ్ పక్కపొంటి పుటుక్కుమన్నది. ఆ ముక్క చేతిల వట్టుకొని చాచా అన్నది ఒక్కటే: ‘బేటా, కమాన్‌కు వెల్డింగ్ నా షెడ్డుల చెయ్యం. కావాలంటే వేరేకాడికి పో.’ నేను ఐటీఐల ఫిట్టర్ చదివినోన్ని, ఆయన మాటల తప్పు లేదు. పట్టీ తయారు చేసేటప్పుడు దాన్ని 850, 900 డిగ్రీల దాకా ఎర్రగ కాల్చి నూనెల ముంచుతరు. అప్పుడు గట్టిదే గని పెళుసు, కొడితే పగుల్తది. మల్ల 450, 500 డిగ్రీల కాడ కాక పెడితేనే వంగి లేసే గుణం వస్తది. వెల్డింగ్ కాకకు ఆ పనంతా పాడైతది. అతుకు పక్కన పెళుసుగ, జరంత అవుతల మెత్తగ అయితది. ఇగ లోడు పడితే ఏముంటది?

ఇరిగిన మెయిన్ పట్టీని ఎండకు పెట్టి చూపిచ్చిండు. పట్టీలన్నిటిని నడుమల కలిపి పట్టే సెంటర్ బోల్టు బొక్క కాడ సగం దాకా నల్లగ, నున్నగ, సన్న సన్న గీతలు. మిగిలిన సగం తెల్లగ మెరుస్తున్నది, చక్కెర పలుకుల లెక్క. నల్లగున్న దిక్కు పగులు ఎన్నో రోజుల సంది లోపటికి పోతున్నదన్నట్టు. తెల్లగున్నది గా రోజు గుంతల పడ్డప్పుడు ఒక్కసారే తెగింది. కట్టను ఇరుసుకు బిగించే యూబోల్టులు వదులైతే కట్ట ఊగి ఊగి బొక్క కాడనే పగులు పుడ్తదట.

తర్వాత మిగిలిన పట్టీలన్నిటికి కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లిండు. టీ తాగి వచ్చేసరికి ఒక పట్టీ మీద తడి గీత తేలింది, ఎంటిక మందం. పగుల్ల ఇంకిన కిరోసిన్ బయటికొచ్చి సుద్ద మీద పడ్డది. కంటికైతే ఆ పట్టీ మంచిగనే ఉండె. దాన్ని గూడ పక్కకు పెట్టిండు. నాకు పైసలు పెరిగినయ్, గని ఈ పని చేసే షెడ్డు నేనైతే ఇంకోటి చూడలే.

కట్ట కూర్చుడు గూడ పద్ధతిగ ఉంటది. కుడి దిక్కు మంచి పట్టీ గుంజి దాని వంపును నేల మీద సుద్దతోని గీసుకున్నడు. కింది పొట్టి పట్టీలకు పైదానికంటే జర ఎక్కువ వంపు పెడ్తడు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే నడుమ సందు కనవడ్తది. సెంటర్ బోల్టు బిగిస్తే ఆ సందు మూస్కపోతది, మెయిన్ పట్టీ మీద భారం తగ్గుతది. సందు లేకుంట కొట్టి ఇచ్చినోళ్ల కాడ మెయిన్ పట్టే ముందు పోతది.

ట్రాలీలకు కొందరు మామూలు ఇనుప పట్టీ కోసి ఏపిస్తరు, అగ్గువకు వస్తదని. అంతే మందం, అంతే పొడుగుంటే తక్కువ లోడుకు రెండూ ఒక్కతీర్గనే వంగుతయ్, అందుకే తేడా తెల్వది. లోడు పెరిగితే మామూలుది వంగినకాడనే ఉంటది. కమాన్ ఉక్కు దానికి నాలుగైదు రెట్ల బరువు మోసి గూడ మల్ల లేస్తది. నూటికి 0.6 కార్బన్, 1.5 నుంచి 2 దాకా సిలికాన్ ఉండే ఉక్కది, వేడి పెట్టి తయారు చేసింది. పత్తి ట్రాలీల కింద మామూలు పట్టీ ఏపిచ్చుకునుడు నాకైతే సమజ్ గాదు.

నచ్చనియి గూడ ఉన్నయ్. బోల్టు ఎంత బలంతోని బిగించినమో కొలిచి చూపే టార్క్ రెంచ్ లేదు. పోరగాడు పానాకు పొడుగు పైపు తొడిగి అంచనా మీద యూబోల్టులు బిగిస్తడు. కట్ట ఎందుకు ఇరిగిందో అంత మంచిగ చెప్పినోని షెడ్డుల ఇదేంది అనిపిచ్చింది. లోడుతోని తిరిగినంక చాచా మల్ల తీస్కరమ్మంటడు, ఫ్రీగనే బిగిస్తడు, అది మాత్రం యాది పెట్టుకొని పోవాలె. కొత్త పట్టీ కిలోల లెక్క, దానికి తూకం మన ముందల్నే చేస్తడు. కూలి వేరే షెడ్లకంటే ఎక్కువ. బిల్లు అడిగితే తెల్ల కాయితం మీద రాసిస్తడు. కూసుండేతందుకు నీడ లేదు.

పాత పట్టీలు అడగకుంటే అక్కడనే ఉండిపోతయ్, అడిగి తెచ్చుకోండ్రి. మా ఊరి కమ్మరాయన ఇరిగిన ముక్కతోని కత్తి చేసిచ్చిండు. కాల్చి సాగగొట్టి, అంచు వరకే నీళ్లల్ల ముంచిండు. కంప కొట్టేతందుకు మంచిగున్నది.

శుక్రవారం మధ్యాహ్నం చాచా నమాజుకు పోతడు, షెడ్డు బంద్ ఉంటది. పత్తి సీజన్ల పొద్దుగాలనే పోతే తప్ప అదే రోజు బండి చేతికి రాదు.