ఎక్స్‌పెక్ట్, యాంటిసిపేట్: ఏది ఎక్కడ మేలు?

శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. కొత్తగా చేరినవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ‘ఎక్స్‌పెక్ట్’ అన్నా ‘యాంటిసిపేట్’ అన్నా ఒకటే కదా, ఏది రాయడం మేలు? పర్యాయపదాల పట్టికల్లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఆ అనుమానం రావడం సహజం. వాక్యంలోకి వచ్చేసరికి మాత్రం ఒకదాని చోట ఇంకొకటి అన్నిసార్లూ ఇమడదు.

నా మట్టుకు తేల్చుకోవలసిన సంగతి ఒక్కటే. రాబోయేదాని కోసం మనిషి ముందుగా ఏమైనా చేశాడా, లేదా? ఉద్దానం వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. అలాంటి తుపాను వస్తోందని విని, వస్తుందని అనుకోవడం ఎక్స్‌పెక్ట్. అది రాకముందే పడవలను గట్టుమీదికి లాగి, వలలు భద్రపరచి, ఇంట్లోకి బియ్యం తెచ్చిపెట్టుకోవడం యాంటిసిపేట్. లాటిన్ మూలాలు కూడా ఇదే చెబుతాయి. మొదటిదాని మూలంలో ‘బయటికి చూడటం’ ఉంది, రెండోదాని మూలంలో ‘ముందుగా అందుకోవడం’ ఉంది.

మన పత్రికలు ఈ తేడాను ఎంత చక్కగా పట్టుకున్నాయో చూడండి. ‘యాంటిసిపేటరీ బెయిల్’ను ‘ముందస్తు బెయిల్’ అన్నారు. అరెస్టు చేస్తారేమోనని ఇంట్లో భయపడుతూ కూర్చుంటే అది రాదు. అరెస్టుకు ముందే కోర్టు గడప తొక్కాలి. యాంటిసిపేట్ అర్థం మరిచిపోయిన పిల్లలకు నేను ‘ముందస్తు’ అన్న ఒక్క మాటనే గుర్తు చేస్తాను.

ఇప్పటి నిఘంటువులు యాంటిసిపేట్‌కు ‘జరుగుతుందని అనుకోవడం’ అనే అర్థాన్నీ ఇస్తున్నాయి. కాబట్టి ఆ అర్థంలో రాసినవారిని తప్పుపట్టలేం. అయినా ఆ పదానికి ఉన్న పదును అలా వాడితే పోతుందన్నదే నా బాధ. ఊరికే ‘అనుకోవడం’ చెప్పడానికి ఎక్స్‌పెక్ట్ ఉండనే ఉంది.

పరీక్షలో దొరికిపోయేది వ్యాకరణం దగ్గర. ఎక్స్‌పెక్ట్ తర్వాత ‘టు’ పెట్టి క్రియ రాయవచ్చు. యాంటిసిపేట్ తర్వాత అలా రాయకూడదు. నామవాచకమో, ‘ఇంగ్’ రూపమో, ‘దట్’తో మొదలయ్యే ఉపవాక్యమో రావాలి. ‘నువ్వు వేళకు రావాలి’ అని ఎదుటివారి మీద బాధ్యత పెట్టాలన్నా ఎక్స్‌పెక్టే కావాలి. ‘ఆమె ఎక్స్‌పెక్టింగ్’ అంటే గర్భవతి అన్న అర్థమూ దానికే ఉంది. రోజువారీ రాతలో ఎక్కువ పని చేసిపెట్టేది ఇదే.

ఎక్స్‌పెక్ట్‌తో చిక్కు తెలుగులోకి తెచ్చేటప్పుడు వస్తుంది. చాలామంది చేతికి వెంటనే ‘ఆశించడం’ తగులుతుంది. దాంతో వాతావరణ సమాచారం కాస్తా ‘రేపు భారీ వర్షాలు ఆశిస్తున్నారు’ అని తయారవుతుంది. నాగావళికి వరద రావాలని ఒడ్డున ఉన్నవారెవరు ఆశిస్తారు? ‘కురిసే అవకాశం ఉంది’ అనాలి. ఎక్స్‌పెక్ట్‌లో మంచీ చెడూ రెండూ ఇముడుతాయి. మంచినే కోరుకునేది ‘హోప్’.

సంతోషంగా ఎదురుచూడటానికి ‘లుక్ ఫార్వర్డ్ టు’ ఉంది. మార్చిలో, అక్టోబరులో అరసవల్లి స్వామి పాదాలను తాకే సూర్యకిరణాల కోసం భక్తులు చూసే ఎదురుచూపు అలాంటిది. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం కోసం విజయనగరం చూసేదీ అంతే. ఇక్కడి ‘టు’ విభక్తి వంటిది కాబట్టి దాని తర్వాత క్రియకు ‘ఇంగ్’ చేర్చాలి. ‘అవెయిట్’ అంటే వేచి ఉండటం, దానికి ‘ఫర్’ అక్కర్లేదు. ‘ఫోర్‌సీ’ అంటే ముందే ఊహించడం. వీటి గురించి అంతకుమించి తెలుసుకోవలసింది పెద్దగా లేదు.

ఇక సెలవు చీటీల చివర రాసే ‘థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్’. సాయం అందకముందే కృతజ్ఞత చెబుతున్నారు కాబట్టి మాట సరైనదే. కానీ అవతలివారు ఒప్పుకున్నట్టే మనం తీర్మానించేసినట్టు ఉంటుంది. ఉద్యోగ దరఖాస్తుల్లో దాన్ని తీసేయమనే చెబుతాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ‘లుక్ ఫార్వర్డ్ టు’తో ఒక వాక్యం రాసి, కింద సంతకం పెడితే చాలు.