గూల్డ్ గోల్డ్‌బర్గ్: 1955లోదా, 1981లోదా?

పియానో వినడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే: కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌లో ఏ రికార్డింగ్ వినాలి? (జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఈ రచనలో ముందు ఆరియా అనే చిన్న పాటలాంటి భాగం, తర్వాత దాని ఆధారంగా అల్లిన 30 వేరియేషన్లు, చివర మళ్ళీ ఆ ఆరియా ఉంటాయి.)

రెండూ న్యూయార్క్‌లో ఒకే స్టూడియోలో చేసినవే. మడత కుర్చీ కాళ్ళు కోసి వాళ్ళ నాన్న పొట్టిగా చేసిచ్చాడే, రెండుసార్లూ ఆ కుర్చీయే. 1955లో ఆయనకు 22 ఏళ్ళు, 1981లో 48.

1955ది 38 నిమిషాల పైచిలుకు. ఆ వేగానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఐదో వేరియేషన్ 40 సెకన్లు కూడా ఉండదు, అయినా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినబడుతుంది. ఈ రికార్డుతోనే ఆయన పేరు ప్రపంచమంతా పాకింది. తర్వాత 1964లో, 31 ఏళ్ళకే, కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు.

1981ది 51 నిమిషాలు. మొదటి ఆరియాయే తేడా చెప్పేస్తుంది: అప్పుడు రెండు నిమిషాల లోపు, ఇప్పుడు మూడు నిమిషాలు. స్వరాలు అవే. అయితే ఈ రెండింటి తేడాకు నెమ్మది ఒక్కటే కారణం కాదు. విషాదం నిండిన 25వ వేరియేషన్ నిజానికి 1955లోనే కాస్త ఎక్కువసేపు సాగుతుంది. కుర్రవాడు అక్కడ ఆగి ఆగి బాధపడతాడు. పెద్దవాడు నడక ఆపడు, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

నా దృష్టిలో అసలు విషయం కాలప్రమాణం. 1955లో ప్రతి వేరియేషన్‌దీ దాని వేగం దానిదే. 1981లో మాత్రం మొత్తాన్నీ ఒకే నాడి కలుపుతుంది. తొడ మీద తాళం వేస్తూ వినండి. ఒకటి ముగిసి ఇంకొకటి ఎత్తుకునే చోట వేగం మారినట్టే ఉంటుంది గానీ, చాలాచోట్ల మీ చెయ్యి తడబడదు. పాత దెబ్బలోంచే కొత్త లెక్క పుడుతుంది. 30 వేరియేషన్లు దాటి చివర ఆరియా తిరిగొచ్చేసరికి, ఎక్కడా తెగని ఒక్క ఊపిరి విన్నట్టుంటుంది.

ఆయన కూనిరాగం రెండింట్లోనూ వినబడుతుంది. నాకు అది ఇష్టం, కొందరికి చిరాకు. 1959 సాల్జ్‌బర్గ్ కచేరీ రికార్డు కూడా ఉంది, అది ఈ రెండూ అయ్యాక వినొచ్చు.

ముందు 1955 వినమని చాలామంది అంటారు. నేను 1981 అంటాను. ఒకే బిగిన వినండి. ఫోన్‌లో షఫుల్ ఆన్‌లో ఉంటే ముందు అది తీసేయండి.