కోనసీమ అమ్మాయికి ఏ హర్డిల్స్: వందా, నాలుగు వందలా?

అమలాపురం వైపు పరుగు మీద మనసుపడిన అమ్మాయి 100 మీటర్ల హర్డిల్స్ (అడ్డుగా నిలిపిన చట్రాలను దాటుతూ సాగే పరుగు) ఎంచుకోవాలా, 400 మీటర్లా అని అడిగితే, నా జవాబు సగం మన నేలను బట్టే ఉంటుంది. రెండింటిలోనూ దాటవలసిన హర్డిల్స్ 10; అయితే 100లో అవి 83.8 సెంటీమీటర్ల ఎత్తున 8.5 మీటర్లకు ఒకటి, 400లో 76.2 సెంటీమీటర్ల ఎత్తున 35 మీటర్లకు ఒకటి వస్తాయి.

పొట్టి పరుగులో హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య మూడే అడుగులు. వానాకాలంలో నల్లమట్టి బూట్లకు ముద్దలుగా అంటుకునే మన మైదానాల్లో ఆ లయ నిలవదు. దానికి సింథటిక్ ట్రాక్, రోజూ కాలు కదలిక దిద్దే కోచ్ తప్పనిసరి. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఈ పోటీలోనే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తారు.

నాలుగు వందలకు కావలసిన దమ్మును మాత్రం తెల్లవారుజామున కాలువ గట్టు మీదే పెంచుకోవచ్చు. రెండు గుంజల మీద వెదురు కర్ర ఆనించినా అభ్యాసానికి చాలు (కట్టెయ్యకూడదు, కాలు తగిలితే కర్ర పడిపోవాలి). పి.టి.ఉష 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఈ పరుగును 55.42 సెకన్లలో ముగించి, సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నారు. తరువాత కోచ్‌గా ఆమె తీర్చిదిద్దిన టింటు లూకా పేరు తెచ్చుకున్నది హర్డిల్స్‌లో కాదు, 800 మీటర్లలో; ఆ దమ్ము వేరే పరుగుకూ పనికొస్తుందన్నమాట.

అందుకే నా మొగ్గు 400 వైపే. కాకపోతే వంపుల్లో ఎడమ కాలు ముందుంచి దాటడం మొదటి నెలలోనే నేర్పాలి.