పాండిచ్చేరిలో ఎనిమిది వందల చాప

తిరుపతి నుంచి సెలవులకి బయల్దేరితే చెన్నై, మహాబలిపురం, పాండిచ్చేరి ఒకే వరసలో చూసి రావచ్చు. మేం నలుగురం పోయినాం: ఆయన, నేను, పదేళ్ల పాప, మా అత్త.

చెన్నైలో రాత్రి ఉండే పని పెట్టుకోవద్దు. తెల్లారి గరుడాద్రి రైలెక్కితే ఎండ ముదరక ముందే సెంట్రల్‌లో దిగుతారు. టీ నగర్ రంగనాథన్ వీధిలో చీరలు, పాపకు చెప్పులు కొని, సాయంత్రం ఈసీఆర్ (సముద్రం ఒడ్డునే పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పోయే పాండిచ్చేరి బస్సెక్కినాం. అది మహాబలిపురం ఊళ్లోకి పోదు, బైపాస్‌లోనే దించేస్తుంది. అక్కడి ఆటో నూట యాభై అంటాడు, వంద దగ్గర ఆగండి. ఏసీ రూము పదహారు వందలు. శుభ్రంగా ఉంది, చెప్పుకోడానికి ఇంకేం లేదు.

పంచ రథాలు, తీర దేవాలయం రెండింటికీ ఒకటే టికెట్, మనిషికి 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఆరింటికే తెరుస్తారు, అప్పుడే పోండి. పది దాటితే ఆ ఇసకలో నడవలేం. బండల్నే రథాలుగా చెక్కిన పల్లవుల పనితనం గురించి ఆయన చెప్తుంటే, మా అత్త "పూజ లేని గుడికి టికెట్టెందుకబ్బా?" అని మొహం ముడుచుకునింది. ఊరి నడుమ స్థలశయన పెరుమాళ్ కోవెలకు తీసకపోయినాక గానీ శాంతించలేదు. వైష్ణవులు గొప్పగా చెప్పుకునే 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, అదొకటి. ఆదిశేషుడు లేకుండా స్వామి వట్టి నేల మీదే పవళించి ఉంటాడు. మా అత్త చాలాసేపు దండం పెట్టుకునింది.

ఆ రాత్రికి ఆమెకీ నేలే రాసిపెట్టి ఉంది.

పాండిచ్చేరిలో బీచ్ రోడ్డుకి రెండు వీధుల అవతల రూము, ఫోన్లో చూపించిన రేటు రెండు వేల నాలుగొందలు. మేం చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. కౌంటర్లో అబ్బాయి మమ్మల్ని లెక్కబెట్టి, "మూడో పెద్ద మనిషికి ఎక్స్‌ట్రా బెడ్, ఎనిమిది వందలు" అన్నాడు. సరేలే, ముసలామె హాయిగా పడుకుంటుందని కట్టినాం. కాసేపటికి ఒక చాప, గలీబు లేని దిండు తెచ్చి తలుపు దగ్గర పడేసి పోయినాడు. పరుపేదంటే "ఇదే బెడ్డు" అంట!

మాకు అరవం కొత్త కాదు కాబట్టి గట్టిగానే అడిగినా. "సండే వరకూ ఇంతే మేడమ్, కావాలంటే ఖాళీ చేసుకోండి" అన్నాడు. ఆయనకు గొడవంటే భయం, "పోనీలే" అంటూ నా చెయ్యి లాగుతున్నాడు. మా అత్త మాత్రం చాప మీదే కూర్చుని, మా ఊళ్లో లాడ్జి నడిపే చిన్నకొడుక్కి ఫోన్ కొట్టింది.

"ఏం నాయనా, నువ్వూ ఇట్లే తీసుకుంటావా?"

"మూడో మనిషికి మేమూ తీసుకుంటామ్మా. మూడు వందలు. పరుపిస్తాం."

"చాపకైతే?"

"చాపకు డబ్బులు తీసుకుంటే మా భక్తులు గోవిందా అంటారమ్మా."

స్పీకర్లో ఆ మాట వినగానే పాప పకపకా నవ్వింది. నేను కిందికి పోయి, పరుపిస్తారా, ఎనిమిది వందలు వెనక్కిస్తారా అని కౌంటర్ ముందే నిలబడినా. పదకొండింటికి పరుపొచ్చింది. మర్నాడు పదికల్లా గది ఖాళీ చెయ్యమన్నారు. దిగినప్పటి నుంచి ఇరవైనాలుగు గంటల లెక్కకు అలవాటు పడ్డ తిరుపతి వాళ్లకు ఇదింకో దెబ్బ.

ఊరు మాత్రం బాగుంది. సాయంత్రం ఆరు నుంచి బీచ్ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు, గాంధీ బొమ్మ దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు. కాకపోతే అక్కడ ఎక్కువగా నల్లటి బండరాళ్లే, నీళ్లలో దిగడం కష్టం. ఇసక, అలలు కావాలంటే చున్నాంబార్‌లో పడవెక్కి పారడైజ్ బీచ్‌కి పోవాలి.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా చెన్నై, బెంగళూరు జనం దిగుతారు, రూముల రేట్లు ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారు. సోమవారం చేరేట్టు చూసుకోండి. రూము మాట్లాడేటప్పుడు మూడో మనిషికెంత, దానికి ఇచ్చేది మంచమా పరుపా చాపా, ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. తిరుగు ప్రయాణానికి మళ్లీ చెన్నై పోనక్కర్లేదు, పాండిచ్చేరి నుంచి తిరుపతికి నేరుగా బస్సుంది.